ఎంగిలి వేలు

మృగశిర కార్తె, రెండో రోజు
ఆకులు: 3,397. గాలి: పడమర. కాలు లెక్క: సున్నా.

మనిషికి పది చొప్పున లెక్క ప్రకారం 3,400 ఉండాలి. తగ్గిన మూడూ మా ప్రెసిడెంటు చిట్టిరాజు గారివి. ఏడు గిల్లి పది అని చెప్పారు. వెనకాలే నిలబడి నేను లెక్కపెడుతున్నానని ఆయనకి తెలీదు. రేపు ఆయన చేత పదమూడు గిల్లించకపోతే నా పేరు మంగతాయారు కాదు, ఈ గువ్వలదిబ్బకి నేను గిల్లుడు మేస్త్రినీ కాదు.

మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయన్న మాట సముద్రం పైకి రాకముందు నాటిది కాబోలు. ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. తెల్లారగానే దిబ్బ చుట్టూ ఒకటిన్నర మైలు పొదల కంచె వెంబడి జనం వరసగా నిలబడ్డారు. ఎవరి వంతు పొదల బారు వాళ్ళది. బొటనవేలు నాలిక మీద తడుపుకోవడం, తొడిమ దగ్గర గోరు నొక్కడం, మళ్ళీ వేలు తడుపుకోవడం. పదో ఆకు అయ్యేసరికి పచ్చిమామిడి తొక్కా కర్పూరమూ కలిపి నూరినట్టు ఘాటు లేచింది. ఒక పొద ఘాటు వదిలితే పక్క పొద అందుకుంటుంది, దాన్నుంచి ఆ పక్కది. కాసేపటికి దిబ్బంతా ఆ వాసనే. ఇక రేపు పొద్దున దాకా దోమ ఇటు చూడదు.

ఎంగిలి వేలు నేను కనిపెట్టిందే. ఇరవై మూడేళ్ళ వయసులో, పని తొందరగా తెముల్చుకుని పడవల మీద షికారు పోదామన్న యావలో వేలు తడుపుకుని గిల్లి చూశాను. పొడి వేలితో అరగంటకి లేచే ఘాటు పది నిమిషాల్లో లేచింది. దానికే నన్ను మేస్త్రిని చేశారు. బద్ధకానికి బహుమానం ఇచ్చిన ఊరు ఇదొక్కటే అయ్యుంటుంది. అప్పటినించీ మూడేళ్ళకోసారి ముసలి పొదలు తీయించి, ఎంగిలికి బాగా పలికే పొదల కొమ్మలే ఏరి నాటిస్తున్నాను. ఇప్పుడున్న కంచె అంతా నా చేతిదే.

మా హైమకి ఆరో నెల. దానిది నలభై మూడో బారు. ఓ చెయ్యి నడుం మీద పెట్టుకుని గిల్లుతోంది. ఈ నాలుగు నెలలూ నీ పది నేను గిల్లుతాలే అంటే, నేను కడుపులో ఉన్నప్పుడు నువ్వు గిల్లలేదా అని అడిగింది. నోట మాట రానివ్వదు, నా కూతురే.

సాయంత్రం కంచె బయట బండ మీద కూర్చుని చీర మోకాలి దాకా ఎత్తి, పావుగంటలో కాలి మీద ఎన్ని దోమలు వాలాయో చూసుకున్నాను. దాన్నే కాలు లెక్క అంటాం. ఒక్కటీ వాలలేదు. నా కాలు చూసి భయపడి పారిపోతాయని, ఊళ్ళో వాసనలు కొలిచే ఇస్సాకు అంటాడు. వాడి మొహం.

ఆరుద్ర కార్తె, ఐదో రోజు
ఆకులు: 3,400. గాలి: నైరుతి, జల్లు. కాలు లెక్క: రెండు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ దఫ్తరులో సున్నా కాకుండా ఇంకో అంకె రాయడం ఇదే మొదటిసారి. రెండిటినీ చంపకుండా కాసేపు చూస్తూ కూర్చున్నాను. కాళ్ళకి తెల్లచారలున్న చిన్న దోమలు. 

ఇస్సాకు దగ్గరికి వెళ్ళాను. అతని దగ్గర 'ముక్కు' ఉంటుంది. గాలిలో వాసన కొలిచి కాగితం మీద గీత గీసే పాతకాలపు పెట్టె అది. అతను దాన్ని పెళ్ళాం కంటే జాగ్రత్తగా తుడుచుకుంటాడు. ఘాటు గీత ఎప్పటిలానే ఎత్తుగా ఉంది. దాని కింద సన్నగా ఇంకో గీత మొదలైంది. అదేమిటో అతనికీ తెలీదు. వాన తడికి పెట్టె పాడైందేమో చూస్తానన్నాడు.

తిరిగి వస్తుంటే అరవై ఒకటో బారు దగ్గర, ఘాటు కింద, మనిషి వాసన తగిలింది. ఎండలో పనిచేసి వచ్చిన మనిషి మెడ దగ్గర ఉండే వాసన. పొద వెనక ఎవరో నిలబడ్డారనుకుని పలకరించాను. ఎవరూ లేరు. రెండడుగులు వేశాక అది ఎవరి వాసనో తట్టింది. గంగరత్నం. పక్కపక్క ఇళ్ళలో పుట్టి ఒకే చాప మీద పడుకుని పెరిగాం, నాకు తెలీకపోవడమేమిటి. ఆ బారు ఆమెదే. కానీ గంగరత్నం ఆ వేళకి ఇంటి అరుగు మీద చేపలు కడుగుతోంది, నేను చూసే వచ్చాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తాయారత్తకి చాదస్తం ముదిరిందంటారు.

పునర్వసు కార్తె, మూడో రోజు
ఆకులు: 6,780. గాలి: లేదు. కాలు లెక్క: పదకొండు.

గంగరత్నానికి మగత జ్వరం. మా అమ్మమ్మల తరం చూసిందే తప్ప మేమెవరమూ చూడలేదు. కళ్ళు సగం మూసుకుని నిద్రపోతోంది. పిలిస్తే ఊఁ అంటుంది, లేవదు. ఈ జ్వరం పదిమందికి వస్తే ముగ్గురు లేవరని, కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని పాత దఫ్తరులో ఉంది. ఆ పేజీ చదివి వెంటనే మూసేశాను.

ప్రెసిడెంటు గారు మీటింగు పెట్టి మనిషికి ఇరవై ఆకులు చేశారు. నేనూ చెయ్యెత్తాను. దోమ పెరిగితే ఘాటు పెంచాలి, అంతకంటే మనకి తెలిసిందేముంది. హైమ కూడా ఇరవై గిల్లింది. దానికి మొదటిసారి నిమ్మగడ్డి పసరు ఒళ్ళంతా రాసి పంపాను.

పునర్వసు కార్తె, పన్నెండో రోజు
ఆకులు: 6,600. గాలి: పడమర. కాలు లెక్క: ఇరవై ఆరు.

గంగరత్నం పోయి వారమైంది. నిద్రలోనే పోయింది. ఆమెతో నేను చివరిగా మాట్లాడిన మాట చేపల ధర గురించి.

ఆమె మొగుడు నారాయుడు పొద్దున్నించి సాయంత్రం దాకా అరవై ఒకటో బారు ముందే నిలబడేవాడు. మొదట అతను ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికెళ్తే ఊపిరి పీలుస్తున్నాడు. పొద అప్పటికింకా గంగరత్నం వాసన వేస్తోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కాసేపు అక్కడే నిలబడ్డాం. ఇక్కడ ఎవరూ గిల్లకుండా చూడమని నన్ను బతిమాలాడు. సరే అన్నాను.

రోజురోజుకీ ఆ వాసన పలచబడింది. ఐదో రోజుకి ఇక ఆగలేక, గిల్లితే పైకి తేలుతుందేమోనన్న ఆశతో వేలు తడుపుకుని ఆ పొదంతా తనే గిల్లాడు. సాయంత్రానికి వాసన లేచింది. లేచింది అతని వాసనే. పొద ముందు కూలబడిపోయాడు పాపం.

ఇప్పుడు కంచె పొడుగునా మనుషులే. నడుస్తుంటే ఒక్కో బారు దగ్గర ఒక్కొక్కరు తగులుతారు, కళ్ళకి మాత్రం ఆకులు తప్ప ఏమీ కనిపించదు. డెబ్భై ఎనిమిది దగ్గర వాసన గట్టిగా ఉంది, ఆ బారు మనిషి నిన్న మంచం పట్టాడు. నూట తొమ్మిది దగ్గర అంతకంటే గట్టిగా ఉంది, ఆ బారు ఆవిడ ఇవాళ పట్టింది. నలభై మూడు దగ్గరికి పరుగున వెళ్ళాను. అక్కడ ఘాటు తప్ప ఏమీ లేదు. కంచెకి దండం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు.

పుష్యమి కార్తె, ఆరో రోజు
ఆకులు: 6,100. గాలి: దక్షిణం. కాలు లెక్క: నలభై.

ఇస్సాకు నన్ను పిలిచి తలుపేశాడు. దోమతెరతో చేసిన పెద్ద పెట్టెలో రెండు కొమ్మలు పెట్టాడు. ఒకటి కత్తెరతో కత్తిరించింది. ఇంకోటి అతను ఎంగిలి వేలితో గిల్లింది. బయట నీళ్ళ మీంచి పట్టుకొచ్చిన దోమలని లోపలికి వదిలాడు. అన్నీ రెండో కొమ్మ మీదికి పోయాయి. ఆకు కనబడలేదు. తరవాత కొమ్మలు తీసేసి రెండు చొక్కాలు వేశాడు, ఒకటి తనది, ఒకటి వాళ్ళ తమ్ముడిది. దోమలన్నీ ఇస్సాకు చొక్కా మీదే వాలాయి, తమ్ముడి చొక్కా మీద ఒక్కటీ వాలలేదు.

అక్కడే పీట మీద కూర్చున్నాను. ఇస్సాకు నెమ్మదిగా మాట్లాడాడు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి అలా మాట్లాడితేనే సగం భయం.

"గొంగళిపురుగు ఆకు తింటే మొక్క దాని ఉమ్మిని బట్టి పోల్చుకుంటాది, అత్తా. పోల్చుకుని, ఆ పురుగుని చంపే కందిరీగల్ని పిలుస్తాది. నోరు లేదు కదా, దాని అరుపంతా వాసనే. మనం రోజూ మన ఉమ్మి దానికి రుచి చూపించాం. మన వాసన గాల్లోకి వదిలి, ఇదిగో నన్ను తినేవాడు వీడూ అని సెప్తంది."

"ఎవరికి చెబుతోంది?"

"మనల్ని తినేదెవరత్తా?"

పొడి వేలితో గిల్లితే సరిపోతుంది కదా అన్నాను. అతను ముక్కు గీసిన కాగితం చూపించాడు. కత్తెర కొమ్మకి ఘాటు గీత లేవనే లేదు. ఎంగిలి తగలకపోతే మా కంచె పలకదు. ఎంగిలికి పలికే పొదలని ముప్పై ఒక్క ఏళ్ళు ఏరి ఏరి నాటించింది నేను. మా కొమ్మలే గొప్పవని చుట్టుపక్కల దిబ్బలన్నిటికీ పంచిపెట్టిందీ నేనే.

నిజం రాయడానికే ఈ దఫ్తరు. గంగరత్నాన్ని చంపింది నా బద్ధకం.

ఆశ్లేష కార్తె, పదో రోజు
ఆకులు: 900. గాలి: పడమర. కాలు లెక్క: డెబ్భై మూడు, తరవాత లెక్క తప్పాను.

ఇస్సాకు చెప్పింది మీటింగులో చెప్పాను. వేలు సంగతి, కొమ్మల సంగతి, నా సంగతి, అన్నీ చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు, అదే కష్టంగా ఉంది. కంచే చేను మేస్తే అని మొదలుపెట్టినవాళ్ళు మాత్రం ఆరుగురు. ఆరోవాడిని మధ్యలోనే ఆపేశాను.

ప్రెసిడెంటు గారు నరికేద్దామన్నారు. నేను వద్దన్నాను, ఇస్సాకు వద్దన్నాడు. వినలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు. మేము గోటితో తెచ్చుకున్నదానికి గొడ్డళ్ళెత్తారు. పడమటి వైపు ఇరవై పొదలు నరికారు నలుగురు మగాళ్ళు. మధ్యలో చెమట తుడుచుకుని, చేతుల్లో ఉమ్ముకుని మళ్ళీ గొడ్డలి పట్టారు. ఆ సాయంత్రం ఆ నలుగురి వాసన దిబ్బ మధ్యలో బడి దాకా వచ్చింది. వాళ్ళ పిల్లలు నాన్న వచ్చాడని గుమ్మాల్లోకి పరిగెత్తారు.

వారం తిరిగేసరికి ఆ నలుగురిలో ముగ్గురు మంచం పట్టారు. ఇద్దరు లేవలేదు.

ఇప్పుడు చాలామంది గిల్లడం మానేశారు, ఘాటు పడిపోయింది. ఘాటు లేకపోతే నీళ్ళ మీద దోమ నేరుగా వస్తుంది. గిల్లితే పేరుపెట్టి పిలిపించుకున్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. హైమ చేత ఇక గిల్లనని ఒట్టు వేయించుకున్నాను. దానికి ఎనిమిది నిండవస్తున్నాయి.

ఒక్క మంచి మాట. నీట మునిగిన పాత దిబ్బ ఒకదాని మీద ఇస్సాకుకి పూర్వపు రకం పొద ఒకటి దొరికింది. పొడి వేలికి పలుకుతుంది. కొమ్మలు తెచ్చి బడి వెనక నాటాడు. కంచె కట్టేంత అవడానికి మూడేళ్ళు పడుతుంది.

మఖ కార్తె, మూడో రోజు
ఆకులు: 640. గాలి: లేదు. కాలు లెక్క: చూడలేదు.

నలభై మూడో బారు హైమ వాసన వేస్తోంది.

ఒట్టు పెట్టినా నా కళ్ళు కప్పి గిల్లింది. అందరూ మానేస్తే ఊరేమవుతుందమ్మా అంది. నేను పెంచిన పెంపకమే నాకు ఎదురొచ్చింది. రెండు దెబ్బలు వేద్దామని చెయ్యెత్తి, పొట్ట చూసి దించేశాను. దాన్ని ఇంట్లో రెండు తెరల మధ్య పడుకోబెట్టి ఇస్సాకు దగ్గరికి పరుగెత్తాను.

అతని లెక్క ఇది. పొద ఎప్పుడూ ఈమధ్య తనని ఎక్కువ గాయపెట్టినవాళ్ళ వాసనే వదులుతుంది. నారాయుడు గిల్లాక గంగరత్నం వాసన చెరిగిపోయింది కదా. కాబట్టి హైమ బారుని వేరే ఎవరైనా ఆపకుండా గిల్లితే హైమ వాసన చెరిగిపోతుంది. ఇంకో సంగతి, ఒక పొద అరుపు పక్క పొద అందుకుంటుంది కనక, కంచె మొత్తానికి ఒక్క మనిషి చాలు. పది పొదలకి ఒకటి చొప్పున గిల్లితే ఘాటు ఊరంతా ఉంటుంది. పిలుపు మాత్రం ఆ ఒక్క మనిషిదే. ఆ మనిషి కంచె బయట ఉంటే దోమలు అక్కడే ఆగిపోతాయి, వెతుక్కుంటూ లోపలికి రావు.

ఇదంతా చెప్పి అతను తల దించుకున్నాడు. కంచె బయట పంపు గది తాళం ఎవరి దగ్గరుందని అడిగాను.

హైమకి చెప్పినప్పుడు మాత్రం పెద్ద యుద్ధమే అయింది.

"నువ్వే ఎందుకమ్మా? నరికించింది ప్రెసిడెంటు గారు. ఆయన్నే ఎల్లి గిల్లమను."

"ఆయన ఏడు గిల్లి పదంటాడే. దోమల దగ్గర ఆ లెక్కలు చెల్లవు."

అది నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచడం దేనికి.

పుబ్బ కార్తె, రెండో రోజు
ఆకులు: 310. అన్నీ నావే. గాలి: పడమర. కాలు లెక్క: అక్కర్లేదు.

పదమూడు రోజులుగా కంచె బయట పంపు గదిలో ఉంటున్నాను. మూడు తెరలు, నిమ్మగడ్డి పసరు డబ్బా, ఈ దఫ్తరు. గేటు మీంచి తాడు కట్టిన బుట్టలో అన్నం వస్తుంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని చీటీ రాసి పంపితే, రుచులు అడిగితే రేపు బుట్ట రాదని జవాబు వచ్చింది. వంట ఇస్సాకు పెళ్ళానిది.

తెల్లారగానే ఒళ్ళంతా గుడ్డ చుట్టుకుని బయలుదేరతాను. మొదట నలభై మూడు. అక్కడే వంద ఆకులు గిల్లుతాను. హైమ వాసన నిన్నటికి పూర్తిగా పోయింది. పన్నెండు రోజులు పట్టింది. ముక్కు గీసిన గీత కూడా అదే అంటోందని ఇస్సాకు గేటు అవతలి నించి అరిచి చెప్పాడు. ఊళ్ళో కొత్తగా ఎవరికీ జ్వరం లేదు.

మఖలో పుట్టి పుబ్బలో పోతుంది దోమ అని సామెత చెప్పుకుంటాం. ఇక్కడ పోవడం లేదు. నా కిటికీ తెర సాయంత్రమయ్యేసరికి నల్లబడుతుంది. వేలు పెట్టి తెర మీద ఇటు నించి అటు గీస్తే, ఆ నలుపంతా వేలి వెంటే కదులుతుంది. ఒకసారి చూశాను, మళ్ళీ ఆ పని చేయలేదు.

ఇంకొకటి. నేను నడుస్తుంటే, ఇంకా చెయ్యి వేయకముందే, ముందున్న పొదలు నా వాసన వదలడం మొదలుపెడుతున్నాయి. నాకంటే నాలుగు అడుగులు ముందు నేను నడుస్తున్నాను.

హస్త కార్తె, నాలుగో రోజు
ఆకులు: 305. గాలి: ఈశాన్యం. వాన.

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు.

మధ్యాహ్నం గేటు దగ్గర పళ్ళెం మోగించి చెప్పారు. వానలో నిలబడి విన్నాను. మా ఆచారం ప్రకారం ఇరవై ఒకటో రోజున బిడ్డ బొటనవేలు దాని నోట్లోనే తడిపి తొలి ఆకు గిల్లిస్తాం. ఆ ఆచారం ఇకమీదట ఉండదని మేస్త్రి హోదాలో ఇక్కడ రాస్తున్నాను. మాలతి అని పేరు అనుకున్నారట. ఇంకో మొక్క పేరేనా అని అరిచాను. గేటు పక్క గదిలో మంచం మీంచి హైమ నవ్వు వినబడింది. రెండు నెలలైంది ఆ నవ్వు విని.

స్వాతి కార్తె, ఎనిమిదో రోజు
ఆకులు: 120.

పది రోజుల పేజీలు ఖాళీ. నాకు జ్వరం వచ్చింది. గుర్తున్నది తక్కువ. కంచె అవతల ఎవరో నా పేరు పిలుస్తున్నట్టు, నేను ఇక్కడే ఉన్నానని చెప్పబోతే నోరు పెగలనట్టు. ఇస్సాకు నిండా గుడ్డలు చుట్టుకుని వచ్చి నోట్లో గంజి పోసి వెళ్ళేవాడట. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, నా వేలు నా నాలిక మీదే తడిపి, పొదకి ఆనించి గిల్లించాడని తరవాత చెప్పాడు. చెప్పి, క్షమించమన్నాడు. మంచి పని చేశావురా, నువ్వు నిజమైన మేస్త్రివన్నాను.

పదిమందిలో లేచే ఏడుగురిలో నేనూ ఒకత్తినయ్యాను. కుడిచెయ్యి వణుకుతోంది. మళ్ళీ రాదని నమ్మకం లేదు.

ఉత్తరాభాద్ర కార్తె, మొదటి రోజు
ఆకులు: 300. గాలి: దక్షిణం, ఎండ.

బడి వెనక కొమ్మలు మోకాలెత్తు అయ్యాయట. ఇంకా రెండున్నరేళ్ళు.

హైమ రోజూ సాయంత్రం పాపని ఎత్తుకుని నలభై మూడో బారు దగ్గరికి వస్తుంది. మధ్యలో కంచె, మూడడుగుల మందం. ఆకుల సందుల్లోంచి ఒక కాలు కనబడుతుంది, ఒక పిడికిలి. మాలతి మొహం ఇంతవరకూ పూర్తిగా ఒక్కసారి కూడా చూడలేదు. ముక్కలు ముక్కలుగా చూసి నేనే అతికించుకుంటున్నాను.

హైమ ఓ సంగతి చెప్పింది. ఇంట్లో ఎంత గుక్కపట్టి ఏడ్చినా, ఈ పొద దగ్గరికి తెచ్చి నిలబెడితే పాప ఊరుకుంటుందట. ఆకుల వైపు తిరిగి, చేతులు చాచి, ఎవరినో ఎరిగినట్టు నవ్వుతుందట.

"అమ్మమ్మ అంటే ఈ పొదేననుకుంటందమ్మా."

సంతోషమేసింది, ఒళ్ళు జలదరించింది. పొదకి మరీ దగ్గరగా తేవొద్దని చెప్పాను. గట్టిగా చెప్పాల్సింది.

రేవతి కార్తె, మూడో రోజు
ఆకులు: కింద రాస్తాను. గాలి: లేదు.

పొద్దున నలభై మూడో బారుకి చేరకముందే ఆగిపోయాను. ఎప్పుడూ నాకంటే ముందు నడిచే నా వాసన అక్కడ లేదు. దాని చోట ఇంకేదో ఉంది. పాలు. గిన్నెలో పాలు కాదు, పాలు తాగి నిద్రపోయిన బిడ్డ నెత్తి మీద ఉండే వాసన. పక్క పొద అప్పుడే అందుకుంటోంది. నలభై నాలుగులో కొద్దిగా, నలభై ఐదులో ఇంకా లేదు.

గేటు గొలుసు కొట్టి హైమని పిలిపించాను. కంచె అవతల నిలబడింది. పాప ఆకు ఏదైనా నోట్లో పెట్టుకుందా అని అడిగాను.

"నిన్న సాయంత్రం. లేతాకు ఒకటి అందుకుందమ్మా. లాగేసేలోపే చిగుళ్ళతో కొరికేసింది. పన్ను వత్తంది కదా, ఏది దొరికితే అది కొరుకుతంది. తిడతావని చెప్పలేదు."

తిట్టలేదు. పాపని తీసుకుని దిబ్బ మధ్య బడి గదికి వెళ్ళిపొమ్మన్నాను. నాలుగు తెరలూ దించమన్నాను. ఈ వాసన పోయేదాకా కంచె వైపు రావద్దన్నాను.

"ఎన్నాళ్ళు?"

"నీది పోవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇది ఒక్క ఆకే కదా, త్వరగానే పోతుందిలే."

అది వెళ్ళిపోయింది. దాని అడుగుల చప్పుడు, మాలతి ఏదో ఊఁ కొట్టడం వినబడి, తరవాత వినబడలేదు. పొద చుట్టూ అప్పటికే పదో పదిహేనో దోమలు చేరి తిరుగుతున్నాయి. నా గుడ్డల మీద ఒక్కటీ వాలలేదు. ఏడు నెలల్లో నన్ను కాదని వేరేవైపు చూసిన దోమలు ఇవే.

వెంటనే గిల్లాలి. నాకు తెలుసు. కానీ రాయాల్సింది రాస్తాను. వెంటనే గిల్లలేదు. మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పి పొదలోకి తల పెట్టాను. ఆరు నెలల నా మనవరాలు నాకు ఒక గొంతు, ఒక కాలు, ఒక పిడికిలి. ఎత్తుకోలేదు, తల నిమరలేదు. దాని నెత్తి వాసన ఇదిగో, నా మొహం మీద, దాన్ని గుండెకి హత్తుకున్నట్టే. పాలు, కొంచెం చెమట, చెవి వెనక ఉండే పులుపు. హైమ పుట్టినప్పుడూ ఇలాగే ఉండేది. దోమ ఒకటి కనుబొమ మీద వాలి కుట్టింది, తోలలేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు, ఎండ కంచె పైకి వచ్చింది.

నారాయుడు ఆ రోజు ఎందుకు ఆగలేకపోయాడో అర్థమైంది.

తరవాత తల బయటికి తీసి, వణుకుతున్న చేతిని ఎడంచేత్తో పట్టుకుని, బొటనవేలు నాలిక మీద తడుపుకున్నాను.

మధ్యాహ్నానికి నలభై నాలుగు పూర్తిగా నా వాసనే. నలభై మూడులో నాలుగు వందల పది ఆకులు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూశాను. పాల వాసన ఇంకా కొంచెం ఉంది. రేపు పొద్దున మళ్ళీ గిల్లాలి.